కువైట్ చమురు – పోటీ చట్టం: బాధ్యత ఎవరిది?

1934 డిసెంబరు 23న కువైట్ పాలకుడు షేక్ అహ్మద్ అల్ జాబిర్ అల్ సబా సంతకం చేసిన చమురు ఒప్పందాన్ని తెలుగువారెవరైనా చదివితే మొదట కంటికి ఆనేది అందులోని నాణెం. అంకెలన్నీ రూపాయల్లో ఉన్నాయి. సంతకం నాడు 4,75,000 రూపాయలు. చమురు పడేదాకా ఏడాదికి 95,000. పడిన తరువాత టన్నుకు 3 రూపాయల రాయల్టీ, ఏడాదికి 2,50,000కు తగ్గకుండా. గడువు 75 ఏళ్ళు. కువైట్ బజారులో అప్పుడు చెలామణి అయినది భారత రూపాయే. సొంత దీనారు వచ్చింది 1961లో.

ఈ అంకెల వెనుక ఉన్న కథ నాణెం కన్నా ఆసక్తికరమైనది. కువైట్ నేల కోసం మొదట ఇద్దరు పోటీపడ్డారు. ఒకరు అమెరికాకు చెందిన గల్ఫ్ ఆయిల్. వారి తరఫున బేరమాడినవాడు ఫ్రాంక్ హోమ్స్. మరొకరు ఆంగ్లో-పర్షియన్ కంపెనీ. వారి ప్రతినిధి ఆర్చిబాల్డ్ చిజమ్. 1928 నాటి 'ఎర్రగీత' ఒప్పందం పాత ఉస్మానియా సామ్రాజ్య ప్రాంతాలలో పెద్ద కంపెనీలు విడివిడిగా చమురు హక్కులు సంపాదించకుండా కట్టడి చేసింది. ఆ గీత కువైట్‌ను వెలుపల వదిలింది. అందువల్లనే బహ్రెయిన్‌ను వదులుకోవలసి వచ్చిన గల్ఫ్ కంపెనీకి కువైట్‌లో అడుగుపెట్టే వీలు చిక్కింది. బ్రిటిష్ కంపెనీలకే హక్కులు అన్న నిబంధనను లండన్ 1932లో సడలించాక అసలు పాట మొదలైంది. ఇద్దరు కొనుగోలుదారులున్నంత కాలం షేక్ చేతిలో బలం ఉంది. ఒకరి మాట ఇంకొకరికి వినిపించి ధర పెంచుకోగల నేర్పూ ఆయనకు ఉంది.

1933 డిసెంబరులో ఆ ఇద్దరూ ఒక్కటయ్యారు. చెరి సగం వాటాతో 1934 ఫిబ్రవరిలో కువైట్ ఆయిల్ కంపెనీ ఏర్పడింది. హోమ్స్, చిజమ్ ఇద్దరూ ఇక ఒకే పక్షాన కూర్చున్నారు. వేలంపాటలో పాటదార్లు కూడబలుక్కుంటే సరుకు యజమానికి ఏమి మిగులుతుందో మన ఊళ్ళలో చెరువు చేపల పాట చూసినవారికి వివరించనక్కరలేదు. షేక్ ఆ తరువాత కూడా ఏడాదిపాటు గట్టిగానే బేరమాడాడు, అది ఆయన ఘనత. అయినా ఎదుట మిగిలింది ఒక్క కొనుగోలుదారుడే.

కంపెనీల మధ్య జరిగిన ఆ 1933 ఒప్పందంలో రెండు అంశాలు ముఖ్యం. కువైట్ చమురును వాడుకొని ఒకరి వ్యాపారాన్ని మరొకరు ఎక్కడా, ఎన్నడూ దెబ్బతీయరాదన్నది మొదటిది. అవసరమైతే గల్ఫ్‌కు కావలసిన చమురును కువైట్‌లో తీయకుండా ఇరాన్, ఇరాక్‌ల నుంచి ఆంగ్లో-పర్షియనే సరఫరా చేయవచ్చునన్నది రెండవది. మార్కెట్ పంపకం, ఉత్పత్తి నియంత్రణ అని నేటి పోటీ చట్టాలు పేర్కొనే రెండు నేరాలూ ఇక్కడ పక్కపక్కనే ఉన్నాయి. నష్టపోయేది టన్నుకు 3 రూపాయల చొప్పున ఆదాయం రావలసిన దేశం. బుర్గాన్‌లో 1938లో చమురు పడింది. యుద్ధకాలంలో బావులు మూతపడ్డాయి. మొదటి ఓడ బయలుదేరింది 1946 జూన్ 30న.

ఈ వ్యవహారం బయటికి వచ్చింది వాషింగ్టన్‌లో. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1952 ఆగస్టులో వెలువరించిన అంతర్జాతీయ పెట్రోలియం కార్టెల్ నివేదిక కువైట్ ఒప్పందాన్నీ చర్చించింది. క్రిమినల్ విచారణకు గ్రాండ్ జ్యూరీని పిలిచి, కంపెనీల దస్తావేజులు అడిగారు. అప్పటికి ఆంగ్లో-ఇరానియన్‌గా పేరు మారిన బ్రిటిష్ కంపెనీ ఇచ్చిన సమాధానం నా దృష్టిలో ఈ చరిత్రకంతటికీ కీలకం. 1914 నుంచీ తనలో అధిక వాటా బ్రిటిష్ ప్రభుత్వానిది కనుక తాను ఆ ప్రభుత్వంతో సమానమని, అమెరికా కోర్టు తనను ప్రశ్నించజాలదని అది వాదించింది. 1952లోనే కోర్టు అంగీకరించింది. 1953 జనవరిలో ట్రూమన్ జాతీయ భద్రత పేరిట క్రిమినల్ విచారణనే ఆపించాడు. ఏప్రిల్‌లో ఐదు అమెరికన్ కంపెనీలపై సివిల్ దావా పడింది, వాటిలో గల్ఫ్ ఒకటి. అది 1960లో రాజీ తీర్పుతో బయటపడింది. ఆ తీర్పు ధరల కుమ్మక్కును నిషేధించింది కాని విదేశాలలో కలిసి చమురు తవ్వడాన్ని కదపలేదు.

అదే 1960 సెప్టెంబరులో బాగ్దాద్‌లో ఒపెక్ పుట్టింది. ఐదుగురు వ్యవస్థాపకులలో కువైట్ ఒకరు. 1975లో కువైట్ ఆయిల్ కంపెనీ పూర్తిగా ప్రభుత్వపరమైంది. బాధితుడి స్థానంలో ఉన్న దేశం ఇప్పుడు ఉత్పత్తిని నియంత్రించే పక్షంలో చేరింది. 1978లో అమెరికన్ యంత్రకార్మికుల సంఘం ఒపెక్‌పై ధరల కుమ్మక్కు దావా వేసింది. చమురు ఎంత తీయాలో నిర్ణయించడం సార్వభౌమ వ్యవహారమని లాస్ ఏంజిలిస్ కోర్టు 1979లో కొట్టివేసింది. 1981లో అప్పీలు కోర్టు వేరే కారణంతో అదే ఫలితాన్ని ఖాయం చేసింది. 1952లో బ్రిటిష్ కంపెనీకి పనికొచ్చిన డాలే వేరే చేతుల్లోకి వచ్చింది.

కువైట్ సొంత పోటీ పరిరక్షణ చట్టం 2007 నాటి 10వ చట్టం. ధరల కుమ్మక్కు, మార్కెట్ పంపకం, టెండర్లలో కూడబలుక్కోవడం అందులో నిషిద్ధాలు. జరిమానా లక్ష దీనార్ల వరకు, లేదా అక్రమ లాభమంత, ఏది ఎక్కువైతే అది. పెద్ద కంపెనీకి లక్ష దీనార్లు ఒక లెక్క కాదు. 2020 నాటి 72వ చట్టం దాని స్థానంలో వచ్చి, జరిమానా గరిష్ఠ పరిమితిని గత సంవత్సరపు మొత్తం రాబడిలో 10 శాతానికి పెంచింది. విదేశాలలో జరిగినా, కువైట్ మార్కెట్‌పై ప్రభావం ఉంటే చట్టం వర్తిస్తుంది. 1933లో లండన్‌లో కుదిరిన లాంటి ఒప్పందాన్ని కూడా సూత్రప్రాయంగా ఇక్కడ విచారించవచ్చు.

అయితే ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు రెండు చట్టాలలోనూ ఉంది. కొత్త చట్టంలో అది మంత్రిమండలి నిర్ణయించిన మేరకు. నిత్యావసర సరుకులకు ఇది సమంజసమే కావచ్చు. చమురు మీదే బతికే దేశంలో అతిపెద్ద వ్యాపారి ప్రభుత్వమే అన్నప్పుడు మాత్రం మినహాయింపు చిన్నదని అనలేము. భారతదేశంలో ఈ ప్రశ్నకు వేరే జవాబు వచ్చింది. 2013లో కాంపిటీషన్ కమిషన్ కోల్ ఇండియాకు 1,773 కోట్ల రూపాయల జరిమానా వేసినప్పుడు, తాము ప్రజాహితం కోసం జాతీయం చేసిన సంస్థ కనుక ఈ చట్టం తమకు వర్తించదని ఆ సంస్థ వాదించింది. 2023 జూన్‌లో సుప్రీంకోర్టు ఆ వాదనను తిరస్కరించింది. కువైట్‌లో టెండరు వేసే ప్రైవేటు కాంట్రాక్టరు కూడబలుక్కుంటే రాబడిలో పదో వంతు వరకు పోగొట్టుకోవచ్చు; టెండరు పిలిచే ప్రభుత్వ సంస్థ తన మార్కెట్ బలాన్ని ఎలా వాడుకున్నా, దాన్ని ప్రశ్నించే అధికారం ఎంతవరకో మంత్రిమండలి చేతిలో ఉంది.