గురిచూసే చేయి: షూటర్ ఆటల నియంత్రణ సాధనాలు – చారిత్రక పరిశీలన

షూటర్ ఆటల చరిత్రను తెరమీది దృశ్యాన్ని బట్టి రాయడం వాడుక. ఆడే చేతిని బట్టి రాస్తే మరో క్రమం కనిపిస్తుంది. 1962లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో ‘స్పేస్‌వార్’ ఆడినవారు కంప్యూటర్ మీది మీటలతో ఇబ్బందిపడి, విడిగా నియంత్రణ పెట్టెలు తయారుచేసుకున్నారు. సాధనం గురించిన తర్జనభర్జన ఆటతోపాటే పుట్టింది.

మౌస్‌ను ఎంత జరిపితే చూపు అంతే తిరిగి ఆగుతుంది. జాయ్‌స్టిక్‌ను వంచి ఉంచినంతసేపూ చూపు తిరుగుతూనే ఉంటుంది. లక్ష్యం వద్ద ఆపడమే కష్టం. (‘నియంత్రకం’ అని వ్యాసంలో రాసుకోవచ్చు గాని, ఆడేవారికది జాయ్‌స్టిక్కే.) అందుకే 2001 నాటి ‘హేలో’ వంటి కన్సోల్ ఆటలు గురి కుదరడానికి లోలోపల సాయం చేశాయి. స్పర్శతెర మీద వేలే దృశ్యాన్ని కప్పుతుంది. బొత్తం అంచు వేలికి తెలియదు.

అయినా కంకిపాడు వంటి కృష్ణా డెల్టా ఊళ్లకు ఈ ఆటలను చేర్చింది ఈ మూడవ సాధనమే. విజయవాడ నెట్ సెంటర్‌లో మౌస్ పట్టాలంటే బస్సు ఛార్జీ, గంటకింత అని రుసుము కావాలి. ఫోన్ ఇంట్లోనే ఉంది. 2016లో జియో రాకతో డేటా చవకైంది. 2018లో వచ్చిన ‘పబ్జీ మొబైల్’ను 2020 సెప్టెంబరులో కేంద్రం నిషేధించగా, 2021 జూలైలో ‘బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా’ వచ్చింది.

కనుక ఏ సాధనం మేలన్నది గురి కచ్చితత్వంతోనే తేల్చడం సమంజసం కాదు. ఎమ్యులేటర్‌తో కంప్యూటర్‌పై ఆడేవారిని పబ్జీ మొబైల్ వేరే ఆటగాళ్ల సమూహంలో ఉంచింది. రెండు చేతులు సమానం కావని నిర్వాహకులే ఒప్పుకున్నట్లు. కళాశాల పోటీలను అధ్యయనం చేసేవారు గెలిచినవారి పేరుతోపాటు వారు దేనితో ఆడారన్నదీ నమోదు చేయవలసి ఉంటుంది.