గుండె ఆగినవారిని పడుకోబెట్టే పద్ధతి

కుప్పకూలిపోయి, పిలిస్తే పలకక, మామూలుగా ఊపిరి తీయని మనిషిని సీపీఆర్‌కు (ఛాతీ నొక్కుతూ, ఊపిరి అందించే ప్రథమచికిత్సకు) వీలుగా గట్టి, చదునైన చోట వెల్లకిలా పడుకోబెట్టడం.

ఒకప్పుడు పద్ధతి దీనికి తలకిందులుగా ఉండేది. కృత్రిమంగా ఊపిరి ఆడించడానికి వాడిన 1903 నాటి షేఫర్ విధానం, 1932 నాటి హోల్గర్ నీల్సన్ విధానం రెండూ మనిషిని బోర్లా పడుకోబెట్టి వీపు నొక్కించినవే. తల వెనక్కి వంచి గడ్డం ఎత్తితే గాలిదారి తెరుచుకుంటుందని 1950లలో పీటర్ సాఫర్ చూపాడు. 1960లో బాల్టిమోర్‌లో కౌవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ ఛాతీ నొక్కే విధానాన్ని ప్రకటించారు. అప్పటినుంచి వెల్లకిలే నిలిచింది.

అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని బాతెల్ ఊరు కింగ్, స్నోహోమిష్ కౌంటీల సరిహద్దుకు అటూ ఇటూ పరుచుకుని ఉంటుంది. ఫోన్‌లో చెబుతూ సీపీఆర్ చేయించే పద్ధతి 1980ల తొలినాళ్లలో ఈ కింగ్ కౌంటీలోనే రూపుదిద్దుకుంది. అక్కడి అత్యవసర నంబరు 911 సిబ్బంది అడిగేవి రెండే: స్పృహ ఉందా, ఊపిరి మామూలుగా ఉందా? రెండింటికీ లేదంటే నొక్కడం మొదలుపెట్టిస్తారు. చిక్కు రెండో ప్రశ్నతోనే. ఆగి ఆగి వచ్చే ఎగశ్వాసను ఇంటివాళ్లు ఊపిరి అనుకుంటారు.

మెత్తటి పరుపు మీద నొక్కితే ఛాతీకి బదులు పరుపే కుంగుతుంది. అందుకే వీలైతే దుప్పటితో సహా నేలమీదికి లాగడం మేలు. లాగలేకపోతే మంచం మీదే మొదలుపెట్టాలి గానీ సాయం కోసం ఎదురుచూస్తూ ఆగకూడదు. ఇరుకు స్నానాలగదిలో పడితే కింగ్ కౌంటీ సిబ్బంది ముందుగా బయటి గదిలోకి లాక్కొస్తారు. ఇద్దరు ముగ్గురు చుట్టూ చేరి పనిచేయడానికి చోటు కావాలి. నొక్కేవారు పక్కన మోకాళ్లమీద కూర్చుని, రొమ్ముటెముక కింది సగం మీద 5-6 సెంటీమీటర్ల లోతున, నిమిషానికి 100-120 సార్లు నొక్కాలి.

బాతెల్‌లో ఉన్నా బాపట్లలో ఉన్నా మనవాళ్లు ముందు చేసేది తల ఒళ్లో పెట్టుకోవడం, లేపి కూర్చోబెట్టడం, నోట్లో నీళ్లు పోయడం. ప్రేమతో చేసేవే అయినా మూడూ హానికరం. తల కింద దిండు పెడితే మెడ ముందుకు వంగి గాలిదారి మూసుకుపోవచ్చు.

స్పృహ లేకున్నా ఊపిరి మామూలుగా ఉంటే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. అప్పుడు వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం తగ్గుతుంది. మెడకు దెబ్బ తగిలిందనిపిస్తే, శిక్షణ ఉన్నవారు తల వంచకుండా దవడను ముందుకు తెస్తారు. బొడ్డుదాకా గర్భం పెరిగిన స్త్రీని వెల్లకిలానే ఉంచి, ఒకరు ఛాతీ నొక్కుతుండగా మరొకరు పొట్టను చేతులతో ఎడమకు జరిపి పట్టుకోవాలి. లేకపోతే గర్భసంచి బరువుకు పెద్ద రక్తనాళాలు నలుగుతాయి. చంటిపిల్లల తలను పెద్దవాళ్లకు వంచినంతగా వెనక్కి వంచరు, ముఖం నేరుగా పైకి చూసేలా ఉంచుతారు.