పల్నాటి టపా: దూరం ఖర్చు ఎవరిది?

1854 అక్టోబరుకు ముందు ఉత్తరం ఖరీదు అది వెళ్లే దూరాన్ని బట్టి ఉండేది. ఆ నెల నుంచి పావు తులం లోపు ఉత్తరానికి దేశంలో ఎక్కడికైనా అర్ధణా తపాలా బిళ్ల సరిపోయేది. మద్రాసు నుంచి గుంటూరుకైనా, గురజాల అవతలి పల్లెకైనా ఒకటే ధర. సామాన్యుడికి ఉత్తరాన్ని అందుబాటులోకి తెచ్చిన సంస్కరణ అది, సందేహం లేదు. అయితే బిళ్ల ధరలోంచి తీసేసిన దూరం దారి మీద అలాగే ఉండిపోయింది. దాని ఖర్చులో పెద్ద వాటా పడింది టపా మోసేవాడి ఒంటి మీద.

పల్నాడులో ఆ భారం తేలికది కాదు. బ్రిటిష్ కాలంలోనే మీటర్‌గేజి రైలు మాచర్ల దాకా వచ్చినా, టపా సంచి స్టేషన్లో దిగాకే అసలు పని మొదలయ్యేది. వానొస్తే కాళ్లు దిగబడే నరసరావుపేట వైపు నల్లరేగడి, గురజాల వైపు నాపరాతి నేల, బొల్లాపల్లి, వెల్దుర్తి వైపు అడవి అంచు తండాలు, ఎండలకు పేరుపడ్డ రెంటచింతల. పాతకాలపు రన్నరు భుజాన సంచి, చేత గంటలు కట్టిన ఈటెతో నడిస్తే, తర్వాతివాడు సైకిలు తొక్కాడు. 1880లో మనియార్డరు వచ్చాక సంచిలో డబ్బూ చేరింది. గడప దగ్గర నోట్లు లెక్కపెట్టి ఇచ్చి, ఫారం మీద సంతకమో, చదువురానివారైతే వేలిముద్రా సాక్షి సంతకమో తీసుకుంటేనే ఆ చెల్లింపు పూర్తయినట్టు.

ఇంత బాధ్యత మోసినవాణ్ణి వ్యవస్థ కొసరు మనిషిగానే చూసింది. పల్లె పోస్టాఫీసు నడిపేవారిని, ఉత్తరాలు పంచేవారిని ‘ఈడీ’లన్నారు, అంటే ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్, శాఖకు బయటివారు. వేరే జీవనాధారం ఉండాలన్నది షరతు. వీరివీ సివిల్ పోస్టులేనని 1977లో సుప్రీంకోర్టు రాజమ్మ కేసులో తేల్చింది. ఉద్యోగ భద్రత దక్కింది గానీ రెగ్యులర్ హోదా రాలేదు. పేరు గ్రామీణ డాక్ సేవక్‌గా మారింది. 2018 భత్యాల సవరణలో రోజుకు నాలుగు గంటల పనికి డాక్ సేవక్‌కు నెలకు కనీస భత్యం 10,000, బ్రాంచి పోస్టుమాస్టరుకు 12,000 రూపాయలు.

పని కొన్ని గంటలదే కదా, షరతులు తెలిసే చేరారు కదా అని అడగవచ్చు. కానీ సంచి వచ్చే వేళకూ, తిరిగి పంపే వేళకూ కట్టుబడినవాడు మిగతా పొద్దంతా వేరే కూలికి పోలేడు. సేద్యం ఉందిగా అంటారా, వానను నమ్ముకున్న మెట్టపొలం నిలకడైన జీవనాధారమని పల్నాటి రైతెవరూ ఒప్పుకోడు. ఉత్తరాలే తగ్గిపోయాయన్న వాదనలో బలముంది. మనియార్డర్లూ తగ్గాయి. అయితే 2018 నుంచి పోస్టల్ బ్యాంకు లావాదేవీలు అదే మనిషి చేతికొచ్చాయి. పార్సిళ్లు, పాసుపుస్తకాలు, బీమా ప్రీమియాలు ఉండనే ఉన్నాయి. లాభం చూసుకునే కొరియరు వెనక్కి తగ్గే చోటికి కూడా టపా వెళ్లి తీరాలి. ఒకే ధర అన్న మాట నిలబడాలంటే దూరం ఖర్చు ఎవరో ఒకరు భరించాలి. నూట డెబ్బయ్యేళ్లుగా దాన్ని అందరికన్నా తక్కువ జీతం అందుకునేవాడు భరిస్తున్నాడు. ఎండలో తిరుగుతున్నాడని జాలిపడితే ఆ లెక్క తేలదు. అతని పనిని కొసరు ఖాతాలోంచి తీసి పూర్తి ఉద్యోగం కింద రాస్తేనే తేలుతుంది.