మంచులో దాగిన వేడి

గిన్నెలో మంచుముక్కలుంచి, సన్నని సెగపై కలియబెట్టుచు, అందు ఉష్ణమాపకమును నిలిపి చూతము. మంచు కరగుచునే యుండును. పాదరసము మాత్రము సెంటిగ్రేడు సున్న వద్దనే నిలిచియుండును. మనమిచ్చిన వేడి యెటు పోయినట్లు?

ఈ ప్రశ్నకు బదులు చెప్పినవాడు జోసెఫ్ బ్లాక్. 1728లో ఫ్రాన్సు దేశపు బోర్డో నగరమున జన్మించి, స్కాట్లండులోని గ్లాస్గో విశ్వవిద్యాలయమున వైద్యమును, రసాయన శాస్త్రమును బోధించిన పండితుడాతడు. మంచు కరగు స్థానమునకు చేరినపిదప, మరికొంచెము వేడి తగిలినంతనే యంతయు నీరగునని నాటివారి నమ్మకము. అదియే నిజమైనచో, వసంతమున ఎండ కాయగానే కొండలపై మంచంతయు ఒక్కపెట్టున కరగి, ఊళ్లను వరదలు ముంచెత్తవలెను గదా! కాని మంచు వారముల తరబడి మెల్లగా కరగుచున్నది. ఏటేటా కన్నులయెదుట నున్న ఈ సాక్ష్యమును పూర్వులు గమనింపకపోవుట మాకు వింతగనే తోచును.

ఆతని ప్రయోగము మిక్కిలి తేలిక. ఒకే తీరు గాజుబుడ్లు రెంటిలో సమానమైన తూకమున నీరు పోసి, ఒకదానిని గడ్డకట్టించెను. రెండవదానిని 33 ఫారెన్‌హీటు డిగ్రీల వరకు చల్లార్చెను. రెంటిని విశాలమైన గదిలో వ్రేలాడదీసెను. నీరు 40 డిగ్రీలకు చేరుటకు అరగంట పట్టెను. మంచు కరగి, ఆ నీరు 40 డిగ్రీలకు చేరుటకో, పదిన్నర గంటలు! లెక్క చూతము. అరగంటకు 7 డిగ్రీల చొప్పున 21 అరగంటలలో 147 డిగ్రీలకు సరిపడు వేడి మంచులో చేరినది. కరగిన నీటిని 32 నుండి 40కి తెచ్చుటకు వ్యయమైనది 8 మాత్రమే. తక్కిన 139 డిగ్రీల వేడి ఉష్ణమాపకమునకు చిక్కక దాగినది. దీనినే గుప్తోష్ణ మందుము. నేటి పరికరములు చూపు విలువ సుమారు 144. రెండు బుడ్లతో, ఒక గడియారముతో సాధించినదానికి ఇది చాల దగ్గర.

కావున ఉష్ణోగ్రత వేరు, ఉష్ణపరిమాణము వేరు. సున్న డిగ్రీలని మాత్రము చెప్పినచో, పాత్రలోనిది మంచో, నీరో, రెండును కలసియున్నవో మనకు తెలియదు. పదార్థముయొక్క స్థితిని తెలుపుటకు ఉష్ణోగ్రత యొక్కటియే చాలదు.

ఆ విశ్వవిద్యాలయముననే పరికరములు చేయు జేమ్సు వాట్, కొద్దిపాటి ఆవిరి ఎంతో చన్నీటిని మరగించుట చూచి విస్మితుడై బ్లాకు నడుగగా, ఆతడు ఈ సిద్ధాంతమును వివరించెను. 1769లో వాట్ పేటెంటు పొందిన ఆవిరియంత్రము దీనినుండియే పుట్టినదని కొందరందురు. వాట్ మాత్రము దాని నంగీకరింపలేదు. బ్లాకు తన సిద్ధాంతమును 1762లో గ్లాస్గో పండితగోష్ఠిలో చదివెను, ఏటేటా విద్యార్థులకు చెప్పెను, కాని అచ్చువేయింపలేదు. ఆతడు 1799లో మరణించిన పిదప, 1803లో మిత్రుడు జాన్ రాబిసన్ ఆ ఉపన్యాసములను ప్రకటించెను.