తల నఱకు గుడి: ఫ్రీమేసనుల పుట్టుపూర్వోత్తరములు



పూర్వము దొరలు కాపురమున్న పట్టణములలో, దండుకు కొంచెము ఎడముగా, కిటికీలన్నియు మూసియుండు బంగాళా యొకటి కనబడెడిది. నెలకొక పర్యాయము సాయంకాలమున దొరలు నల్లని దుస్తులు ధరించి, చేత చిన్న పెట్టెలు పట్టుకొని, దానిలోనికి పోయెడివారు. వెంటనే తలుపు మూయబడెడిది. దూసిన కత్తితో నొకడు వాకిట కావలి నిలిచెడివాడు. లోపల నేమి జరుగుచున్నదో బండి తోలు వానికిని తెలియదు, వంటవానికిని తెలియదు. తెలియని చోట కథ పుట్టుట లోకసహజము. ఉత్తర హిందూస్థానమువారు ఆ యింటికి జాదూఘర్, అనగా ఇంద్రజాలపుటిల్లు, అని పేరు పెట్టిరి. బొంబాయి ప్రాంతమువారు సైతాన్ ఖానా యనిరి. మన దక్షిణమున అరవవారు మఱియొక యడుగు ముందుకు వేసి 'తలైవెట్ట కోవిల్', అనగా తల నఱకు గుడి, అనిరి. అందు చేరగోరు వాని తల నఱకి మరల అతికింతురని ప్రతీతి. ఈ పేర్లన్నియు యూల్, బర్నెల్ అను నిద్దఱు దొరలు కూర్చిన హాబ్సన్‌ జాబ్సన్ అను నిఘంటువున కెక్కినవి.

మన పల్లెలలో వంతెన కట్టునపుడెల్ల పునాదికి నరబలి కావలెనని వదంతి పుట్టుటయు, తల్లులు బిడ్డలను వీథిలోనికి పోనీయకుండుటయు పెద్దలెఱుగనిది కాదు. ఆ భీతియు ఈ భీతియు నొక్క తల్లి బిడ్డలే. అయినను నిప్పు లేనిదే పొగ రాదు గదా! ఈ తల నఱకుడు కథకు గూడ నొక మూలము కలదు. దానిని ముందు చెప్పెదను.

ఫ్రీమేసన్ అను మాటలో మేసన్ అనగా రాతిపని, తాపీపని చేయువాడు. ఐరోపా ఖండమున నడిమి యుగములలో గొప్ప గొప్ప క్రైస్తవ దేవాలయములు కట్టినవారు వీరు. వంశధార యొడ్డున శ్రీముఖలింగమున మధుకేశ్వరుని యాలయము చూచినవారికి ఆ పని యెట్టిదో వేఱుగ చెప్పనక్కఱలేదు. అట్టి కట్టడము ఏండ్లతరబడి సాగును. పనివారు దూరదేశములనుండి వత్తురు. వారు ఉలులు పదును పెట్టుకొనుటకును, ఎండకు నీడ చేసికొనుటకును కట్టడము ప్రక్కనే యొక పాక వేసికొందురు. ఆ పాక పేరే లాడ్జి. నేడు మన పట్టణములలో లాడ్జి యనగా అద్దెగదుల బస యని యర్థము. ఈ లాడ్జి యది కాదు. ఆ పాకలో పెద్దవాడు చిన్నవానికి పని నేర్పును. నేర్చినవాడు పరదేశమునకు పోయినపుడు, తాను నిజముగా పని నేర్చినవాడనని ఎట్లు ఋజువు చేయగలడు? చదువు లేదు, చీటీ లేదు. కావున గుఱుతుమాటలును, చేతిగుఱుతులును ఏర్పడెను. రహస్యము పుట్టుట కిదియే మొదటి కారణమని పలువురి తలంపు. మంత్రము కాదు, తంత్రము కాదు. కూలి దక్కించుకొనుట కేర్పడిన యుపాయము.

ఇచ్చట నొక చిన్న ముచ్చట. మనము మేస్త్రీ యను మాట పోర్చుగీసువారి 'మెస్త్రె' నుండి వచ్చినది. ఇంగ్లీషువారి మాస్టరు నదే వంగడమునకు చెందినది. కనుక ఈ సంఘమున మాస్టర్ మేసన్ అని గొప్పగా పిలువబడు పదవి మన భాషలో అచ్చముగా తాపీ మేస్త్రీయే.

కాలక్రమమున దేవాలయ నిర్మాణములు తగ్గెను. స్కాట్లండున 1599 నుండియే లాడ్జీల లెక్కపుస్తకములు దొరకుచున్నవి. రాతిపని యెన్నడు నెఱుగని పెద్దమనుష్యులు, విద్వాంసులు, గౌరవార్థము వానిలో చేర నారంభించిరి. ఇలియాస్ ఆష్మోల్ అను పండితుడు 1646లో ఇంగ్లండునందలి వారింగ్టనులో చేరినట్లు తన దినచర్యలో వ్రాసికొనెను. వీరు ఉలి పట్టలేదు గాని ఉలి పేర నీతి చెప్పుకొనిరి. మూలమట్టము నడవడి సరిగా నుంచుకొనుటకు గుఱుతు. రసమట్టము మనుష్యులెల్లరు సములనుటకు గుఱుతు. వృత్తము గీయు కైవారము కోరికలకు హద్దు గీయుటకు గుఱుతు. సంఘముద్రయందు నేటికిని మూలమట్టమును కైవారమును పెనవేసికొని కనబడును.

1717 జూన్ 24వ తేదీన లండను నగరమున, సెయింటు పాలు దేవాలయము చెంత, ఒక పానశాలలో నాలుగు లాడ్జీలవారు కూడి గ్రాండు లాడ్జి యను పెద్ద సంఘము నేర్పఱచిరని వాడుక. అది 1721లో గాని జరుగలేదని యిటీవలి చరిత్రకారులు కొందఱు వాదించుచున్నారు. ఏదియైనను, మన విజయనగరము కోటకు 1713లో పునాది పడినది గనుక, ఆ కోటయు ఈ సంఘమును ఇంచుమించు ఈడువారే. 1723లో ఆండర్సన్ అను మతాచార్యుడు నియమగ్రంథమును ప్రకటించెను. ప్రధాన నియమములు కొన్ని మాత్రము చెప్పెదను. చేరువాడు దైవమును నమ్మవలెను. ఏ మతమువాడైన నుండవచ్చును. సభలో మతవాదము గాని, రాజకీయ వాదము గాని కూడదు. సభలో ప్రభువును, వర్తకుడును సోదరులే. దైవమునకు వారిడిన పేరు జగన్నిర్మాతయగు మహాశిల్పి. మన విశ్వకర్మను తలపింపదా?

మెట్లు మూడు: శిష్యుడు, తోడి పనివాడు, మేస్త్రీ. మూడవ మెట్టు నెక్కునపుడు ఒక పురాణగాథను ఆడి చూపుదురు. యెరూషలేమున సొలొమోను రాజు దేవాలయము కట్టించునపుడు హీరాము అను శిల్పాచార్యుడు రహస్యమును వెల్లడింపనందున దుష్టులచేత చంపబడెనట. క్రొత్తవానిని ఆ హీరాముగా నెంచి, చచ్చినట్లు పరుండబెట్టి, మరల చేయి పట్టి లేవనెత్తుదురు. తల నఱకి యతికించుట యను వదంతికి ఈ యాటయే మూలమైయుండును. ఏ సేవకుడో తలుపు సందునుండి చూచియుండును! ఇంతకును ఈ రహస్యము రహస్యముగా నిలిచినది యెన్నాళ్లు? 1730లోనే ప్రిచర్డ్ అనువాడు ఈ తంతునంతయు అచ్చు వేయించి లండను వీథులలో నమ్మెను. 1738లో రోముపోపు తన మతమువారెవరును ఇందు చేరరాదని శాసించెను.

ఇక మన దేశమునకు వత్తము. 1730లో కలకత్తాలోను, 1752లో చెన్నపట్టణములోను లాడ్జీలు వెలసెను. కంపెనీ నౌకరులును, సైనికోద్యోగులును వాని సభ్యులు. దేశీయులకు ప్రవేశము లేదు. అయితే నియమగ్రంథమున అన్ని మతములవారు సోదరులని యున్నదే! ఈ చిక్కును మొట్టమొదట ముడి విప్పినట్లు కనబడినది మన చెన్నరాజధానియే.

ఆర్కాటు నవాబు మహమ్మదాలీ పెద్దకుమారుడు ఉమ్దతుల్ ఉమరా. 1775 ప్రాంతమున తిరుచిరాపల్లిలో నతడు ఫ్రీమేసనుగా స్వీకరింపబడెను. ఇంగ్లండు గ్రాండు లాడ్జివారు మిక్కిలి సంతసించి, అభినందన పత్రమును, అందముగా కట్టిన నియమగ్రంథమును, సంఘీయులు నడుమునకు ముందు కట్టుకొను తోలువస్త్రమును సర్ జాన్ డే యనువానిచేత పంపిరి. ఉమ్దతుల్ ఉమరా పారసీక భాషలో ప్రత్యుత్తరము వ్రాసి, బంగారు జలతారు గుడ్డలో చుట్టి పంపెను. సంఘచరిత్రలలో ఈ ఘట్టమును వారు గర్వముతో చెప్పుకొందురు. కథ ఆ పుటతో ముగియలేదు.

ఉమ్దతుల్ ఉమరా 1795లో నవాబయ్యెను. 1798లో వెల్లెస్లీ ప్రభువు గవర్నరు జనరలుగా వచ్చెను. ఈ వెల్లెస్లీ సామాన్య సభ్యుడు గాడు. 1782లో ఐర్లండు ఫ్రీమేసనులకు గ్రాండు మాస్టరుగా నుండినవాడు. అనగా సంఘమర్యాద ప్రకారము నవాబును గవర్నరు జనరలును సోదరులు. 1799లో శ్రీరంగపట్టణము పడినపుడు టిప్పుసుల్తాను కాగితములలో నవాబువంశపు జాబులు దొరకెననియు, వారు శత్రువుతో కుట్ర చేసిరనియు కంపెనీవారు నేరము మోపిరి. ఆ సాక్ష్యము బలహీనమని పిమ్మటి చరిత్రకారులు పెక్కుమంది తలంచిరి. 1801 జూలై నెలలో నవాబు మరణశయ్యపై నుండగనే కంపెనీ పటాలము అతని రాజభవనమున ప్రవేశించెను. అతడు మరణించిన పిదప, కుమారుడు అలీహుసేను కంపెనీ షరతుల కంగీకరింపకపోగా, వాని నటుంచి అజీముద్దౌలా యను నతనిచేత అదే నెల 31వ తేదీన సంధిపత్రము వ్రాయించుకొనిరి. రాజ్యము కంపెనీది; రాబడిలో అయిదవవంతు నవాబుది. సోదరుడని పంపిన నియమగ్రంథమును, తోలువస్త్రమును ఆనాడు అడ్డు రాలేదు.

మన విజయనగరమువారికి ఈ కథ వినగనే పద్మనాభము స్ఫురింపక మానదు. 1794 జూలై 10వ తేదీన చిన విజయరామరాజు కంపెనీ సేనల నెదిర్చి ఆ కొండ దాపున ప్రాణములు విడిచెను. ఆయన ఫ్రీమేసను కాడు. కంపెనీవారు ఆయనను సోదరుడని పిలిచిన పాపమున పోలేదు. పేష్కషు బకాయి యడిగిరి, సేనను పంపిరి. ఆర్కాటువానికి సోదరత్వము, విజయనగరమువానికి ఫిరంగి. ఏడేండ్ల యెడములో ఇరువురి గతియు నొక్కటే యయ్యెను. జనులు ఆ బంగాళాలో తలలు నఱకుదురని బెదరిరి. తలలును, రాజ్యములును తెగినది ఆ బంగాళాలో గాదు, ఆఫీసులలోను, పోరుకళములలోను. నా మట్టునకు నేను ఈ సంఘముపై మోపదగిన తప్పు మంత్రవిద్య యని తలంపను. సభ లోపల చెప్పుకొన్న మాటను సభ వెలుపల మఱచుటయే యని తలంతును.

తరువాతి శతాబ్దమున సోదరత్వపు పరీక్ష మఱియొక రూపున వచ్చెను. బొంబాయిలో మానక్జీ కర్సెట్జీ యను పారసీకుడు చేరగోరగా దొరలు త్రోసిపుచ్చిరి. ఆయన పట్టు విడువక సముద్రము దాటి, పారిసు నగరమున చేరి వచ్చెను! అటుపిమ్మట 1843లో జేమ్సు బర్న్సు అను స్కాట్లండు వైద్యుడు దేశీయుల కొఱకే బొంబాయిలో లాడ్జి నొకదానిని స్థాపించెను. పారసీకులును, మహమ్మదీయులును ఏకదైవవాదులు గనుక వారి విషయమున ఆక్షేపము చల్లారెను. చిక్కంతయు హిందువుతోనే. హిందువు పెక్కు దేవతలను కొలుచును. అట్టివాడు ఏకదైవము పేర ఎట్లు ప్రమాణము చేయును? ఏ గ్రంథముపై చేయి యుంచును? ఇది వారి ప్రశ్న. వంగదేశమున దేశీయుని చేర్చుకొనవలెనన్న ప్రాంతీయాధిపతి యనుమతి యుండవలెనని యుపనియమము గూడ కలదు. ప్రసన్నకుమార దత్తు అను కలకత్తా వర్తకుడు 1863లో వినతి మొదలిడెను. దేవతలు పలువురైనను పరబ్రహ్మ మొక్కటే యని మన యిండ్లలో బాలురకును తెలిసిన విషయమును పెద్ద పెద్ద దొరలకు నచ్చజెప్పుటకు ఆయనకు తొమ్మిదేండ్లు పట్టెను. 1872లో ప్రవేశము దొరకెను. 1884లో నరేంద్రనాథ దత్తు, అనగా పిమ్మట వివేకానందస్వామియైన మహనీయుడు, అదే నగరమున సభ్యుడయ్యెను. లాహోరులోని లాడ్జిలో 1886లో చేరిన కిప్లింగు కవి, తనకు మెట్లు నెక్కించినవారిలో బ్రహ్మసమాజికుడును, మహమ్మదీయుడును ఉండిరని పెద్దతనమున వ్రాసికొనెను. స్త్రీలకు మాత్రము తలుపు తెఱవలేదు. అనిబిసెంటమ్మ స్త్రీపురుషులిరువురు చేరదగిన వేఱొక శాఖలో 1902లో చేరి, దానిని కాశికి తెచ్చెను.

దత్తు గెలిచిన 1872వ సంవత్సరముననే తెలుగు నేలపైన నొక విశేషము జరిగెను. హైదరాబాదులో గోషామహలు బారాదరి యను పాత కట్టడము కలదు. భద్రాద్రి రామదాసును చెఱనుంచిన తానీషా దానిని కట్టించినాడు. నిజాము ప్రభుత్వము దానిని ఆ యేట ఫ్రీమేసనులకిచ్చెను. నాటినుండి నేటివఱకు నది వారి సభామందిరమే. గోలకొండ కడపటి సుల్తాను కట్టించిన మేడలో సొలొమోను దేవాలయపు కథ నడచుచున్నదన్నమాట!

స్వాతంత్ర్యము వచ్చిన పిదప 1961 నవంబరు 24వ తేదీన ఢిల్లీలో భారతదేశపు గ్రాండు లాడ్జి యేర్పడెను. రాంపూరు నవాబు మొదటి గ్రాండు మాస్టరు. ఇంగ్లండు, స్కాట్లండు, ఐర్లండు పెద్దసంఘముల క్రింద నున్న లాడ్జీలకు ఇష్టమైనచో నిందు చేరుటకును, లేనిచో పాతవారితోనే యుండుటకును స్వేచ్ఛ యిచ్చిరి. పెక్కు చేరినవి, కొన్ని చేరలేదు.

ఇందు చేరగోరువాడెవడు, ఎట్లు చేరును? అని కొందఱు అడుగవచ్చును. వారు బజారున నిలిచి రమ్మని పిలువరు, కోరువాడే అడుగవలెను. దైవమును నమ్మిన పెద్దవయసు పురుషుడై యుండవలెను. సభ్యులిద్దఱు వానిని ఎఱిగి పూచీపడవలెను. పిదప తెల్లని, నల్లని గోళీలతో గుప్తముగా సమ్మతి తీయుదురు. నల్లనివి పడినచో నతడు రాతగడు. చందాయును కలదు, దానిలో కొంత విద్యకు, వైద్యమునకు, దిక్కులేనివారి పోషణకు పోవును. లోపలికి పోవువాని యొద్దనుండి నాణెములు మొదలగు లోహవస్తువులన్నియు తీసివేసి, కండ్లకు గంతలు గట్టి తీసికొనిపోవుదురు. ఒక బల్లయొద్ద మోకరింపజేయుదురు. ఆ బల్లపై మన దేశపు లాడ్జీలలో భగవద్గీత, ఖురాను, బైబిలు, జెందవెస్తా, గ్రంథసాహెబు ప్రక్కప్రక్కనే తెఱచియుండును. ఎవని గ్రంథముపై వాడు చేయి యుంచి ప్రమాణము చేయును. పిమ్మటనే గంతలు విప్పుదురు.