కల్లంలో కొలత, ఊపిరిలో లెక్క

ధ్యానం అనగానే మన వాడల్లో చాలామందికి ఒళ్ళు మండుతుంది. కడుపు నిండినవాడు కళ్ళు మూసుకుంటాడు, మనకెందుకీ గోల అంటారు. స్వాములూ బాబాలూ ఆ మాటని అంతగా పాడుచేసి పెట్టారు మరి. మేమూ అదే అనుమానంతో మొదటిసారి చాప మీద కూర్చున్నాం. ఊపిరిని ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టమన్నారు. నాలుగు దాటలేదు, మనసు హాస్టల్ మెస్సు బకాయి దగ్గరికి పోయింది. మళ్ళీ ఒకటి.

ఈ లెక్క ఎక్కడిదని వెతికాం. క్రీ.శ. 5వ శతాబ్దంలో సింహళంలో బుద్ధఘోషుడు పాళీలో రాసిన విశుద్ధిమగ్గంలో కొత్తవాళ్ళకి చెప్పిన పద్ధతి ఇది. లెక్క ఐదుకి తగ్గకూడదు, పది దాటకూడదు. తగ్గితే ఇరుకు దొడ్లో కుక్కిన పశువుల్లా మనసు పెనుగులాడుతుందట. దాటితే ఊపిరిని వదిలేసి అంకెని పట్టుకుంటుందట. మొదట ధాన్యం కొలిచేవాడిలా నిదానంగా లెక్కపెట్టాలి. తర్వాత పశువుల కాపరిలా వేగంగా. ఆ కాపరి తెల్లవారుతూనే గులకరాళ్ళు తెచ్చుకుని దొడ్డి గుమ్మం దగ్గర కూర్చుంటాడు, బయటికొచ్చే ఒక్కో ఆవుకీ ఒక్కో రాయి వేస్తాడు. అంతకన్నా పాతదైన సతిపట్ఠాన సుత్తంలోనూ పోలిక పనివాడిదే. చెక్కని తిప్పి నునుపుచేసేవాడు తన తిప్పు పొడుగో పొట్టో ఎరిగినట్టు, ఊపిరి పొడుగో పొట్టో ఎరగాలన్నది అక్కడి పాఠం.

కల్లంలో కుంచం పట్టిన చేతులు, దొరల దొడ్లో పశువుల్ని కాసిన చేతులు ఎవరివి? మన తాతలవి. కొలిచేటప్పుడు ‘ఒకటి’ అనకుండా ‘లాభం, రెండు, మూడు’ అనేవాళ్ళు. ఆ లాభం మాత్రం ఎప్పుడూ ఆసామి గాదెకే పోయింది.

1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో లక్షలమంది బాబాసాహెబ్‌తో కలిసి బౌద్ధం తీసుకున్నారు. 53 రోజులకే, డిసెంబర్ 6న, ఆయన పోయారు. 22 ప్రతిజ్ఞలు జనానికి నోటికొచ్చాయి గానీ కూర్చోవడం నేర్పేవాళ్ళు ఎంతమంది మిగిలారు? ఆ ప్రతిజ్ఞల్లో అష్టాంగ మార్గం ఉంది, దాని ఎనిమిదో అంగమే సమ్మా సమాధి. ఆయన మరణం తర్వాత 1957లో అచ్చయిన ‘బుద్ధుడు - ఆయన ధమ్మం’లో దీన్ని సూటిగానే తేల్చారు: ఉత్త ఏకాగ్రత చాలదు, మనసుని మంచి పని వైపు మళ్ళించే అలవాటు కావాలి. ధ్యానం పెద్దకులాల సొత్తని వాదించే మనవాళ్ళు ఆ పేజీ చదవాలి.

1969లో గోయెంకా బర్మా నుంచి విపశ్యన తెచ్చారు. ఆయన గురువు ఊ బా ఖిన్ సన్యాసి కాదు, బర్మా అకౌంటెంట్ జనరల్. ఆ గురువుకి గురువు సయా తెట్జీ ఒక రైతు. 1979 నుంచి పూనాలో త్రైలోక్య బౌద్ధ మహాసంఘ సహాయక గణం అంబేడ్కర్ అనుయాయులకే ఆనాపానం, మెత్త భావన నేర్పింది. పదిరోజుల మౌనంలో కులం అడగరు, నిజమే. పదకొండో రోజు బస్సెక్కగానే అడుగుతారు, అదీ నిజమే.

మెత్త భావనలో ముందు మనకి, తర్వాత ఇష్టులకి, ఎటూ కానివాళ్ళకి, చివరికి శత్రువుకి మేలు కోరాలి. శత్రువు అనగానే మాకు బావి నీళ్ళు తోడనివ్వని ఆసామి మొహం కళ్ళముందుకొచ్చింది. కుదర్లేదు. ఆ పూటకి లేచొచ్చేశాం. ఊపిరి లెక్క మాత్రం ఇప్పుడు ఒక్కోసారి పదికి చేరుతోంది.