రెండు సూచులు, ఒక చెరువు

గుండ్లకమ్మ మీదున్న కంభం చెరువు గురించి ఇప్పటిదాకా వచ్చిన రాతలన్నీ ఒకచోట చేర్చాలని కూర్చున్నవారికి మొట్టమొదట జిల్లా పేరే అడ్డం తగులుతుంది. 1800లో నిజాము దత్తమండలాలను ఈస్టిండియా కుంపిణీకి అప్పగించాక ఈ సీమ కడప జిల్లాలో చేరింది. 1858లో కర్నూలు జిల్లాను ఏర్పరచినప్పుడు కంభం, మార్కాపురం తాలూకాలను కడప నుంచి విడదీసి అందులో కలిపారు. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా వచ్చింది, 1972లో దానికి ప్రకాశం అని పేరు పెట్టారు. అలా కంభంతో పాటు మార్కాపురం, గిద్దలూరు కర్నూలును వదిలి వచ్చాయి. పక్కనున్న పొదిలి, కనిగిరి, దర్శి నెల్లూరు నుంచి వచ్చి కలిశాయి. ఊళ్లు ఉన్నచోటే ఉన్నాయి, వాటి కాగితాలు మాత్రం నాలుగు జిల్లాల పేర్ల కింద చెదిరిపోయాయి.

దీని ఫలితం చిన్నది కాదు. గ్రిబుల్ 1875లో కడప జిల్లా మాన్యువల్ వెలువరించేనాటికి కంభం ఆ జిల్లాను వీడి పదిహేడేళ్లయింది. కంభం కోసం చూడవలసింది గోపాలకృష్ణమ శెట్టి 1886లో రాసిన కర్నూలు జిల్లా మాన్యువల్. పొదిలి, కనిగిరి శాసనాలు కావాలంటే బటర్‌వర్త్, వేణుగోపాల శెట్టి 1905లో మూడు సంపుటాలుగా ప్రచురించిన నెల్లూరు జిల్లా శాసనాల్లో వెతకాలి. ప్రకాశం అనే మాట పట్టుకుని వెళ్లినవారికి ఈ మూడింటిలో ఒక్కటీ దొరకదు.

గ్రంథసూచి, వాఙ్మయసూచి అనే రెండు మాటల మధ్య తేడా ఇలాంటి వెతుకులాటలోనే తెలిసొస్తుంది. గ్రంథాలయ శాస్త్రం చదివేవారికి గ్రంథసూచి అంటే క్యాటలాగు, వాఙ్మయసూచి అంటే బిబ్లియోగ్రఫీ. బయట మనం ఒకదాని బదులు ఇంకొకటి వాడేస్తాం. పుస్తకం చివర వేసే ఆధారాల పట్టికనూ గ్రంథసూచి అనే అంటాం.

పాత గ్రంథాలయాల్లోని చెక్క సొరుగు ఒకటి లాగి చూడండి. పన్నెండున్నర సెంటీమీటర్ల పొడవు, ఏడున్నర ఎత్తు ఉన్న అట్టముక్కలు వరసగా నిలబడి ఉంటాయి. కింద రంధ్రంలోంచి ఇనుప కడ్డీ దూరి ఉంటుంది. అట్ట మీద రచయిత, పేరు, ప్రచురణ సంవత్సరం ఉంటాయి. ఎడమ పక్క పై మూలన పెన్సిలుతోనో సిరాతోనో వేసిన కాల్ నంబరు ఉంటుంది. ఆ నంబరు చెప్పేది ఈ పుస్తకం ఈ గదిలో ఏ బీరువాలో, ఏ అరలో ఉందన్న సంగతి. అది ఉంటే గ్రంథసూచి. వాఙ్మయసూచికి ఆ మూలతో పని లేదు. పుస్తకం లండన్‌లో ఉన్నా, మార్కాపురంలో ఎవరింటి అటక మీద ఉన్నా, ఒక విషయం మీద అది పుట్టిందా లేదా అన్నదే దానికి లెక్క.

మన భాషలోనే ఇందుకు మంచి జోడీ ఉంది. 1912లో బార్నెట్ బ్రిటిష్ మ్యూజియంలోని తెలుగు పుస్తకాలకు క్యాటలాగు వేశారు. ఎంత శ్రద్ధగా చేసినా అది ఆ మ్యూజియం బీరువాల లెక్కే, సముద్రం దాటని పుస్తకానికి అందులో చోటు లేదు. 1929లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు ఆంధ్ర వాఙ్మయ సూచిక తెచ్చారు. ఆయన ఒక ఇంటి లెక్క కాక ఒక భాష లెక్క తీయబూనారు. పేరులో వాఙ్మయం అన్న మాటను నిలపడంలోనే ఆ తేడా కనిపిస్తుంది.

క్యాటలాగుకు ఇంకో ఉదాహరణ మెకంజీ సేకరణది. కల్నల్ కాలిన్ మెకంజీ 1821లో చనిపోయాక ఆయన కూడబెట్టిన రాతప్రతులను కుంపిణీ లక్ష రూపాయలకు కొన్నది. వాటికి హెచ్.హెచ్. విల్సన్ 1828లో కలకత్తాలో రెండు సంపుటాల వివరణాత్మక క్యాటలాగు అచ్చువేయించారు. ఒక్కో రాతప్రతి తాటాకుదా కాగితానిదా, ఏ లిపిలో ఉంది, లోపల ఏముంది అని క్లుప్తంగా చెప్పారు. మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి రాయించిన స్థానిక చరిత్రలే కైఫియత్తులు. ఊరు ఎలా పుట్టింది, గుడి ఎవరు కట్టారు, మాన్యాలెవరివి అన్న సంగతులు వాటిలో దొరుకుతాయి. పురుగు కొట్టి చివికిపోతున్న ఆ కాగితాలను సి.పి. బ్రౌన్ తిరిగి శుభ్రంగా రాయించి సంపుటాలు కట్టించారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలనిపిస్తోంది. బిబ్లియోగ్రఫీకి మూలమైన గ్రీకు మాటకు మొదటి అర్థం పుస్తకాలు రాయడం, అంటే ప్రతులు ఎత్తి రాయడం. పుస్తకాల గురించి రాయడం అన్న అర్థం చాలా శతాబ్దాల తరవాత వచ్చింది. ఆ పాత అర్థంలో బ్రౌన్ దగ్గర కలం పట్టిన తెలుగు లేఖకులందరూ బిబ్లియోగ్రాఫర్లే. వాళ్లు ఎత్తి రాసి ఉండకపోతే ఏ సూచిలోనూ చేర్చడానికి ఏమీ మిగిలేది కాదు.

కంభం, మార్కాపురం సీమకు ఇప్పుడు కావలసింది వాఙ్మయసూచి అని నా గట్టి నమ్మకం. ఏ ఒక్క గ్రంథాలయం క్యాటలాగూ ఆ పని చేయలేదు. వేటపాలెంలో 1918లో వెలసిన సారస్వత నికేతనంలో పాత పత్రికలు చూడాలి, మద్రాసు ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో కైఫియత్తులు చూడాలి. త్రిపురాంతకం శాసనాలకు కర్నూలు జిల్లా, మార్కాపురం తాలూకా అన్న పాత శీర్షిక కింద వెతకాలి. ఆ వేటపాలెం కూడా 2022లో ప్రకాశం నుంచి బాపట్ల జిల్లాకు వెళ్లింది.

ఈ పని పూనుకునేవారు మొదట రాయవలసిన చీటీ ఒకటుంది. కంభం: ఇంగ్లీషు కాగితాల్లో కంబం, పాతవాటిలో కమ్మం. తమిళనాడు తేని జిల్లాలోని కంబం వేరు. తెలంగాణ ఖమ్మం వేరు. గుండ్లకమ్మ మీద చెరువున్న ఊరు ఇది. 1858కి ముందు కడప, తరవాత కర్నూలు, 1970లో ఒంగోలు, 1972లో ప్రకాశం.